సునోల్ గ్రేడ్ మీద యాక్సిడెంట్ ఏమీ లేకుండానే రోజూ ట్రాఫిక్ ఎందుకు ఆగుతుంది?

ప్లెజంటన్‌వాసి అడిగారు:

బే ఏరియాలో 680 ఫ్రీవే మీద సునోల్ గ్రేడ్ అనే కొండ దాటి తిరిగేవాళ్లందరికీ ఈ అనుభవం ఉంటుంది, కానీ కారణం ఏమిటో నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి ఉత్తరం వైపు వస్తుంటే ఫ్రీమాంట్‌లో ఆటోమాల్ పార్క్‌వే దగ్గర్లోనే బ్రేక్ లైట్లు మొదలవుతాయి. వాషింగ్టన్, మిషన్ బులవార్డ్ దాకా పాకుతూ వస్తాం. కొండ ఎక్కడం మొదలయ్యాక ఇంకాసేపు ఆగుతూ కదులుతూ నడుస్తుంది. తీరా వర్గాస్ రోడ్ ప్రాంతంలో పైకి చేరేసరికి ఉన్నట్టుండి రోడ్డు వదిలేస్తుంది, అందరూ 65 మైళ్ల వేగానికి వెళ్లిపోతారు. చూస్తే అక్కడ ఏమీ ఉండదు. యాక్సిడెంట్ లేదు, లేన్ మూసేయలేదు, పక్కన పోలీసు కారు కూడా లేదు.

కొండే కారణం అనుకుందామా అంటే, ఇప్పటి కార్లకి అది ఒక ఎత్తే కాదు. మామూలు కామ్రీకి కూడా 200 హార్స్ పవర్ ఉంటుంది, యాక్సిలరేటర్ కొంచెం నొక్కితే 80కి కూడా ఎక్కేస్తుంది. ట్రక్కులు కారణం అనుకుందామా అంటే అవి కుడివైపు లేన్లలోనే ఉంటాయి, ఎడమ లేన్లు ఎందుకు ఆగాలి? 2020లో ఉత్తరం వైపు టోల్ కట్టి పోయే ఎక్స్‌ప్రెస్ లేన్ కూడా వచ్చింది, అయినా కొండ దగ్గర కథ మారలేదు.

రోడ్డు ఏటవాలుకీ, మనం బండి నడిపే తీరుకీ, ఈ జామ్‌కీ నిజంగా సంబంధం ఉందా? ఉంటే డ్రైవర్‌గా నేను మార్చుకోవాల్సింది ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, రోజూ అక్కడ కూర్చుని ఇదే ఆలోచిస్తున్నాను.

రోడ్డులెక్క:

నేను ట్రాఫిక్ ఇంజినీరింగ్‌లో పనిచేస్తాను. మీరు అడిగిన దానిలోనే సగం జవాబు ఉందండీ. పైకి చేరగానే రోడ్డు ఖాళీ అవుతోందంటే జామ్‌కి తల కొండ మీదే ఉందన్నమాట. వెనక మైళ్ల కొద్దీ కనిపించేదంతా దాని తోక. అందరూ తోకలో ఉన్నప్పుడు ముందు ఏదో జరిగిందనుకుంటారు, తల దగ్గరికి వచ్చేసరికి అక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు, ఎందుకంటే జరిగింది వస్తువు కాదు, వేగంలో చిన్న మార్పు.

కారుకి శక్తి చాలకపోవడం అసలు సమస్య కానే కాదు. మనిషికి ఎత్తు తెలియకపోవడం సమస్య. ఘాట్ రోడ్డులో అయితే ఎక్కుతున్నామని ఒంటికే తెలుస్తుంది. ఫ్రీవే మీద వాలు మెల్లగా, పొడవుగా మారుతుంది, రోడ్డు వెడల్పుగా ఉంటుంది, చుట్టూ కొండలే కాబట్టి ఏది సమతలమో కన్ను పట్టుకోలేదు. కాలు యాక్సిలరేటర్ మీద అలాగే ఉంటుంది, బండి మాత్రం నెమ్మదిస్తుంది. 3 శాతం ఎత్తు తీసుకోండి, అంటే వంద అడుగులు ముందుకి పోతే మూడడుగులు పైకి. కాలు కదపకుండా ఉంటే ప్రతి సెకనుకీ వేగం గంటకి సుమారు 0.6 మైళ్ల చొప్పున పడిపోతుంది. పది సెకన్లలో 65 కాస్తా 59 అవుతుంది. ఆ పది సెకన్లలో మీరు పోయింది వెయ్యి అడుగుల లోపే. పాటలు వింటూ, ఫోన్లో మాట్లాడుతూ ఉన్నవాళ్లలో ఎంతమంది ఇది గమనిస్తారు?

రోడ్డు ఖాళీగా ఉంటే దీనివల్ల ఏమీ కాదు. రోడ్డు నిండా బండ్లు ఉన్నప్పుడే తంటా. ఒక లేన్‌లో గంటకి 2,000 కార్లు పోతున్నాయంటే సగటున 1.8 సెకన్లకి ఒకటి అన్నమాట. ముందువాడు తెలియకుండా నెమ్మదించాడు, వెనకవాడు దగ్గరికి వచ్చేశాక ఉలిక్కిపడి కాలు తీశాడు. ఎత్తు మీద కాలు తీస్తే సమతలం మీద కంటే తొందరగా వేగం పడిపోతుంది, కాబట్టి అతను కావలసినదానికంటే ఎక్కువ తగ్గాడు. మూడోవాడు బ్రేక్ తొక్కాడు. పదోవాడు ఇరవైకి వచ్చాడు. మొదటివాడు అప్పటికే కొండ దిగిపోయి ఉంటాడు, తన వెనక ఏం జరిగిందో అతనికి ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు అసలు లెక్క. ఇలా ఒకసారి నెమ్మదించాక, ఎత్తులో తిరిగి వేగం అందుకునేటప్పుడు జనం ముందుబండికీ తమకీ మధ్య దూరం కొంచెం ఎక్కువ వదిలేస్తారు. కావాలని కాదు, ఎత్తులో బండి ఆలస్యంగా లేస్తుంది, అంతే. ఆ 1.8 సెకన్లు సగటున 2 సెకన్లు అయ్యాయనుకోండి. 0.2 సెకను తేడా, రెప్పపాటు కూడా కాదు. కానీ గంటకి 2,000 బదులు 1,800 కార్లే దాటుతాయి. వెనక నుంచి ఇంకా 2,000 వస్తూనే ఉన్నాయి. మిగిలిన 200 కార్లు ప్రతి లేన్‌లో నిలబడతాయి. 65లో పోయేటప్పుడు మైలుకి సుమారు 30 కార్లు ఉంటే, నెమ్మదిగా పాకే క్యూలో మైలుకి 80 ఉంటాయనుకోండి, అంటే మైలుకి 50 కార్లే అదనంగా పడతాయి; ఆ లెక్కన గంటలో ఆ క్యూ తోక నాలుగు మైళ్లు వెనక్కి పోతుంది. కొండ మొదట్లో మొదలైంది ఆటోమాల్ దాకా రావడానికి ఇంకేమీ అక్కర్లేదు.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది: ఒకసారి క్యూ ఏర్పడితే వచ్చే ట్రాఫిక్ 2,000 నుంచి కాస్త తగ్గినా అది పోదు. 1,800 కంటే కిందికి రావాలి. రోడ్డు తన సత్తాలో కొంత భాగాన్ని జామ్ ఉన్నంతసేపూ పోగొట్టుకుంటుంది. చాలా ఫ్రీవేల మీద కొలిచి చూసిన విషయమే ఇది, చాలాచోట్ల అయిదు నుంచి పదిహేను శాతం దాకా ఉంటుంది. అందుకే అయిదింటికి మొదలైంది ఏడు దాటినా వదలదు.

సునోల్ దగ్గర ఎత్తు ఒక్కటే కాదు, అది కూడా చెప్పాలి. మిషన్ బులవార్డ్ నుంచి వచ్చే బండ్లు సరిగ్గా కొండ మొదట్లోనే కలుస్తాయి. కలిసేవాళ్ల కోసం ఒకరు తగ్గుతారు, అదే చోట వాలు కూడా వేగం తగ్గిస్తుంది. రెండూ ఒకేచోట పడ్డాయి.

సూటిగా_చెప్తా:

ఇంత లెక్క అవసరమా అండీ? కొండ మీద ఇంకో రెండు లేన్లు వేస్తే అయిపోతుంది. ఇన్ని టోల్స్, ఇన్ని టాక్సులు కడుతున్నాం.

రోడ్డులెక్క:

@సూటిగా_చెప్తా మీ కోపం న్యాయమే, కానీ లాస్ ఏంజెలెస్ వాళ్లని అడగండి. అక్కడ 405 ఫ్రీవే సెపుల్వెడా పాస్ అనే కొండ మార్గం గుండా పోతుంది, మన సునోల్ కంటే ఎంతో ఎక్కువ ట్రాఫిక్. ఉత్తరం వైపు కార్‌పూల్ లేన్ ఒకటి వేయడానికి ఏళ్ల తరబడి తవ్వారు, 2011 జూలైలో ఒక వంతెన పడగొట్టడానికి వారాంతమంతా ఫ్రీవేనే మూసేశారు. ఖర్చు వంద కోట్ల డాలర్లు దాటింది. 2014లో లేన్ తెరిచారు. రద్దీ గంటల్లో ప్రయాణం మాత్రం తగ్గలేదు. అంతకుముందు వేరే దారిలో పోయినవాళ్లు, వేరే టైమ్‌లో పోయినవాళ్లు అందరూ వచ్చి ఆ చోటు నింపేశారు.

ఎత్తు మీద ట్రక్కుల కోసం విడిగా ఒక లేన్ వేయడం వేరే సంగతి, దానికి నేను ఒప్పుకుంటాను. అమెరికాలో డిజైన్ చేసేటప్పుడు బరువైన ట్రక్కు ఎత్తు మీద 10 మైళ్లకి మించి వేగం కోల్పోయేంత పొడవుంటే అదనపు లేన్ గురించి ఆలోచించాలని లెక్క. మేం వాడే కెపాసిటీ మాన్యువల్‌లో (రోడ్డు ఎన్ని బండ్లు మోయగలదో లెక్కేసే పుస్తకం) ఒక ట్రక్కుని సమతలం మీద రెండు కార్ల కింద, ఎగుడుదిగుడు ప్రాంతంలో మూడు కార్ల కింద లెక్కేస్తాం. నిటారు ఎత్తు చాలా దూరం సాగితే ఇంకా ఎక్కువ.

హైవే_సీను:

నేను ట్రక్కు నడుపుతాను, స్టాక్టన్ నుంచి ఓక్లాండ్ పోర్ట్‌కీ, ఎల్‌ఏకీ లోడ్లు. ఎక్కడ ట్రాఫిక్ ఆగినా ముందు తిట్టేది మమ్మల్నే కాబట్టి మావైపు నుంచి కూడా వినండి.

ఫుల్ లోడ్ అంటే 80,000 పౌండ్లు. 5 శాతం ఎత్తు మీద అంత బరువుని 55 మైళ్ల వేగంతో లాగాలంటే ఒక్క కొండకే సుమారు 590 హార్స్ పవర్ కావాలి, గాలికీ టైర్లకీ అయ్యేది వేరే. నా ఇంజిన్‌కి అంత లేదు, రోడ్డు మీద చాలా ట్రక్కులకి 400 నుంచి 500 మధ్యే ఉంటుంది. అంటే ఎంత తొక్కినా 30, 35 దగ్గర ఆగిపోతుంది. నేను బద్ధకంగా నడపడం లేదు, కాలు ఫ్లోర్‌కి ఆనించే ఉంటుంది.

మాకు ఉన్న ఒకే ఒక్క ఆస్తి కొండ మొదట్లో ఉన్న ఊపు. 55తో ఎత్తు అందుకుంటే మొదటి భాగం ఆ ఊపుతోనే గడిచిపోతుంది. 40తో అందుకుంటే మొదటి నుంచే గేర్లు దింపుకుంటూ పోవాలి. అందుకే కొండ రాకముందు మేం ముందు ఎక్కువ ఖాళీ ఉంచుకుంటాం. ఆ ఖాళీ చూసి ఒక కారు వచ్చి దూరుతుంది, దూరాక ఎత్తు తెలియక నెమ్మదిస్తుంది, నేను బ్రేక్ తొక్కాలి. అయిపోయింది. ఆ కారు ఒక నిమిషంలో ఎడమ లేన్‌కి పోతుంది, నేను పైదాకా 30లో పాకుతాను, నా వెనక ఉన్నవాళ్లంతా నన్ను దాటడానికి ఎడమకి దూకుతారు. కుడి లేన్‌లో ఉన్న ట్రక్కు వల్ల ఎడమ లేన్ ఎందుకు ఆగుతుందని అన్న అడిగాడు కదా, ఇదే జవాబు అన్నా. 35లో ఉన్న కారు 65లో పోతున్నవాళ్ల మధ్యకి వస్తే ఆ లేన్ బ్రేక్ వేయక ఏం చేస్తుంది. వాళ్లు బ్రేక్ వేస్తే దాని పక్క లేన్‌కి ఇంకొకడు పోతాడు. అలా అన్ని లేన్లకీ పాకుతుంది.

580 ఫ్రీవే మీద ఆల్టమాంట్ పాస్ అనే కొండ దారి చూడండి. సాయంత్రం లివర్‌మోర్‌లో గ్రీన్‌విల్ రోడ్ దాటగానే తూర్పు వైపు ఎత్తు మొదలవుతుంది. ట్రేసీ, మౌంటెన్ హౌస్ వైపు ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు ఎంతమందో అదే దారి. పోర్ట్ నుంచి సెంట్రల్ వ్యాలీలోకి పోయే ట్రక్కులన్నిటికీ కూడా అదే దారి. కార్లకి ఇంటికి పోవాలనే తొందర, మాకు కొండ ఎక్కాలనే యాతన.

ఐ-5 మీద గ్రేప్‌వైన్ ఇంకో లోకం. తెహోన్ పాస్ ఎత్తు 4,144 అడుగులు, 6 శాతం వాలు. ఎండాకాలంలో ఇంజిన్ వేడెక్కకుండా ఏసీ ఆపేయమని బోర్డులు ఉంటాయి. దిగేటప్పుడు ట్రక్కులకి 35 లిమిట్, బ్రేకులు పోతే ఎక్కించడానికి పక్కన కంకర పోసిన ర్యాంప్‌లు. దిగుడు గురించి ఎవరూ మాట్లాడటం లేదు కానీ అక్కడ కూడా జామ్ అవుతుంది. కార్లవాళ్లు వాలులో వేగం పెరిగిపోతోందని ఊరికే బ్రేక్ తొక్కుతూ వదులుతూ ఉంటారు, ఒక్కొక్క ఎర్రలైటుకీ వెనక పదిమంది తొక్కుతారు. గేర్ తగ్గించుకుని దిగితే ఆ లైటే వెలగదు.

ఇద్దరు ట్రక్కులవాళ్లు పక్కపక్కన ఎక్కుతూ దారి మూసేస్తే మాత్రం అది తప్పే, నేను సమర్థించను. ఒకడిది 33, ఇంకొకడిది 35, దాటడానికి మైలు దాకా పడుతుంది. ఎత్తు మీద అలా ఎదురెక్కి దాటొద్దని నా దగ్గర నేర్చుకునే కుర్రాళ్లకి గట్టిగా చెప్తాను.

కాంతి_యోకోహామా:

జపాన్ నుంచి రాస్తున్నాను. ఈ విషయంలో ఇక్కడివాళ్లు చాలా లోతుగా పోయారు, అందుకే చెప్పాలనిపించింది.

ఇక్కడ ఎక్స్‌ప్రెస్‌వేల మీద రద్దీ వల్ల వచ్చే జామ్‌లలో సగానికి పైగా టోల్ గేట్ల దగ్గరో, కలిసే చోట్లో కాదు, పల్లం అయిపోయి మిట్ట మొదలయ్యే చోట్ల మొదలవుతాయి. ఇంజినీర్లు శాగ్ అంటారు. నిటారుగా ఉండక్కర్లేదు, కంటికి ఆనని వాలు చాలు. టోక్యో నుంచి నాగోయా పోయే తోమేయ్ దారిలో యమాతో టన్నెల్ దగ్గర, చువో దారిలో కొబోతోకె టన్నెల్ దగ్గర సెలవు రోజుల్లో ఎంత జామ్ అవుతుందో రేడియోలో వినీ వినీ ఆ పేర్లు చిన్నపిల్లలకి కూడా తెలుసు. టన్నెల్ నోట్లోకి పోయేటప్పుడు చీకటికి జనం కొంచెం జంకుతారు, దానికి ఎత్తు తోడవుతుంది. యమాతో దగ్గర ఒలింపిక్స్‌కి ముందు 2021లో రోడ్డు వెడల్పు చేసి లేన్ కలిపారు.

నాకు బాగా నచ్చింది వీళ్లు డ్రైవర్‌తో మాట్లాడే పద్ధతి. మిట్ట మొదలయ్యేచోట "ఇక్కడి నుంచి ఎత్తు, వేగం తగ్గుతుంది చూసుకోండి" అని బోర్డు ఉంటుంది. జామ్ తల దాటే చోట "వేగం అందుకోండి" అని ఇంకో బోర్డు. లైట్లు కూడా ఉన్నాయి: రోడ్డు పక్కన వరసగా పెట్టిన చిన్న దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ మన పక్కనే ముందుకి పరిగెడుతున్నట్టు కనిపిస్తాయి. అవి పోయే వేగాన్ని ఆపరేటర్ నిర్ణయిస్తాడు. మన బండి నెమ్మదిస్తే లైటు మనని దాటి పోతున్నట్టు అనిపిస్తుంది, కాలు దానంతట అదే నొక్కేస్తుంది. ఎవరినీ తిట్టకుండా, ఫైన్ వేయకుండా, ఒంటికి తెలియని వాలుని కంటికి చూపించారు. సునోల్ మీద పెట్టడానికి ఏమి అడ్డమో నాకు అర్థం కాదు.

టోక్యో అఖాతం కింద నుంచి పోయే ఆక్వాలైన్ సంగతి కూడా చెప్పాలి. వారాంతంలో చిబా వైపు షికారుకి పోయినవాళ్లంతా సాయంత్రం ఒకేసారి కవాసాకి వైపు తిరిగొస్తారు, సముద్రం కిందికి దిగి మళ్లీ పైకి ఎక్కాలి. 2023 జూలైలో శని, ఆది, సెలవు రోజుల్లో ఆ వైపు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి ఎనిమిది దాకా టోల్ 800 యెన్ల నుంచి 1,200 చేశారు, అప్పట్లో ఎనిమిది తర్వాత 600 ఉండేది. కొంతమంది భోజనం చేసి ఆలస్యంగా బయల్దేరడం మొదలుపెట్టారు. పైన రోడ్డులెక్క గారు చెప్పినట్టు 2,000కీ 1,800కీ తేడా అంత సన్ననిదైతే, ప్రతి పదిమందిలో ఒకరు టైమ్ మార్చుకున్నా చాలా మారుతుంది కదా.

ఇంకో సంగతి. రద్దీ పెరిగేకొద్దీ తొందరగా పోవాలనుకునేవాళ్లంతా ఓవర్‌టేకింగ్ లేన్‌లోకి చేరతారు. ఇక్కడ అది కుడివైపు, మీకు ఎడమవైపు. అందరూ అక్కడ బండికి బండి ఆనించినట్టు పోతుంటారు కాబట్టి జామ్ పుట్టేది కూడా ఆ లేన్‌లోనే, తర్వాతే మిగతావాటికి పాకుతుంది. రద్దీ ఉన్నప్పుడు నెమ్మది లేన్‌లోనే ఉండిపొమ్మని రోడ్డు కంపెనీలే ప్రచారం చేస్తాయి.

శిరీష_శాన్‌రామోన్:

క్రూజ్ కంట్రోల్ గురించి ఎవరూ చెప్పలేదు. మనవాళ్లలో సగం మందికి ఇప్పుడు ముందుబండిని చూసి నడిచే అడాప్టివ్ క్రూజ్ ఉంది. అది కొండ మొదలవగానే తనంతట తనే పవర్ పెంచుతుంది, మనిషిలాగా మరచిపోదు. కాబట్టి వాలు తెలియకపోవడం అనే సమస్యకి అది మంచి మందు. రోడ్డు కాస్త ఖాళీగా ఉన్నప్పుడు 680 మీద నేను అదే పెట్టుకుంటాను.

అయితే బండ్లు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు అది అన్నిసార్లూ మేలు చేయదు. అమెరికాలో పరిశోధకులు మార్కెట్లో ఉన్న ఏడు మోడళ్ల అడాప్టివ్ క్రూజ్‌ని రోడ్డు మీద పరీక్షిస్తే, ఏడింటిలో ఒక్కటి కూడా ముందుబండి కుదుపుని తగ్గించి వెనక్కి పంపలేదు, అన్నీ పెంచే పంపాయి. ముందువాడు 5 మైళ్లు తగ్గితే ఇది ఇంకొంచెం ఎక్కువ తగ్గుతుంది, దాని వెనక ఉన్నది ఇంకా ఎక్కువ. గ్యాప్ సెట్టింగ్ అన్నిటికంటే దగ్గరది పెట్టుకుని గొప్ప అనుకునేవాళ్లు దయచేసి మార్చండి.

కొండ లేకపోయినా ఇది జరుగుతుందని కూడా తెలుసుకోవాలి. జపాన్‌లోనే నాగోయా యూనివర్సిటీకి చెందిన సుగియామా బృందం 230 మీటర్ల గుండ్రటి ట్రాక్ మీద 22 కార్లని గంటకి 30 కిలోమీటర్ల వేగంతో తిరగమన్నారు, 2008లో ఫలితాలు ప్రచురించారు. ఎత్తు లేదు, లైటు లేదు, ఎంట్రీ లేదు. కాసేపటికి జామ్ దానంతట అదే పుట్టి, వెనక్కి గంటకి 20 కిలోమీటర్ల వేగంతో తిరగడం మొదలుపెట్టింది. అంటే కిక్కిరిసిన ట్రాఫిక్ ఎప్పుడూ పడిపోవడానికి సిద్ధంగానే ఉంటుంది. కొండ చేసేది ఏమిటంటే, రోజూ అదే చోట, అదే టైమ్‌లో పడేలా చేయడం.

దీన్ని తిప్పికొట్టే ప్రయత్నం కూడా జరుగుతోంది. 2022 నవంబర్‌లో నాష్‌విల్ దగ్గర ఐ-24 మీద క్రూజ్ కంట్రోల్ మార్చిన వంద కార్లని మామూలు ట్రాఫిక్‌లో కలిపి వదిలారు, ఆ కొద్ది కార్లు చుట్టూ ఉన్నవాళ్ల కుదుపుల్ని తగ్గించగలవా అని. కంట్రోల్ సిస్టమ్స్ చదివిన నాకు ఇంతకంటే ఆశ పెట్టుకోదగ్గ పని కనబడటం లేదు.

సూటిగా_చెప్తా:

సరే, లేన్ల విషయంలో మీ మాట ఆలోచించదగ్గదే. కానీ అందరూ గ్యాప్ వదలండి అంటున్నారు, వదిలితే ఇంకో నలుగురు దూరతారు. బే ఏరియాలో గ్యాప్ అనేది ఆహ్వాన పత్రిక.

హైవే_సీను:

దూరనివ్వండి అన్నా. నలుగురు దూరినా మీకు పోయేది పది సెకన్లు కూడా కాదు. దూరినవాడికి మీరు బ్రేక్ వేయకుండా కొంచెం కాలు తేలిక చేస్తే చాలు, ఆ గ్యాప్ ఉన్నదే అందుకు. బ్రేక్ వేస్తే మాత్రం మీ వెనక వంద మందికి పోతుంది.

ప్లెజంటన్‌వాసి:

అందరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఆ 0.2 సెకను లెక్క చదివాక రోడ్డుని చూసే చూపే మారింది. రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, పొద్దున దక్షిణం వైపు పోయేటప్పుడు కూడా ఇదేనా? రెండు, మిషన్ దగ్గర ఫ్రీవే ఎక్కే ర్యాంప్‌లో రెడ్ లైట్ పెట్టి ఒక్కొక్క కారునీ వదులుతారే, అది ఊరికే విసుగు పుట్టించడానికా, నిజంగా పనిచేస్తుందా? ఇంకా, నాది ఈవీ (ఎలక్ట్రిక్ కారు). కాలు తీయగానే బండి గట్టిగా నెమ్మదిస్తుంది. ఎత్తు మీద అది ఇంకా చేటు కదా?

రోడ్డులెక్క:

పొద్దున కూడా ఇదే సూత్రం. సునోల్ లోయలో కొంతదూరం చదునుగా వచ్చి, ఆండ్రేడ్ రోడ్ దాటాక ఎత్తు మొదలవుతుంది. 84 హైవే నుంచి కలిసే బండ్లన్నీ ఆ ఎత్తుకి కొంచెం ముందే చేరి ఉంటాయి. అందుకే ఆండ్రేడ్ కనిపించగానే ఒకసారి స్పీడోమీటర్ చూసుకోండి. నేను అక్కడ పాటించేది అదొక్కటే. కాలుని నమ్మను, ముల్లుని నమ్ముతాను. ముందు ఖాళీ ఉంటే 65 తగ్గకుండా చూస్తాను, ఖాళీ లేకపోతే లేన్ మారకుండా ఉన్నచోటే ఉంటాను.

ర్యాంప్ లైట్లు నిజంగా పనిచేస్తాయి, దీని మీద నాకు అనుమానమే లేదు. మిన్నెసోటాలో జనం ఇలాగే విసుక్కుంటే 2000లో శాసనసభ పట్టుబట్టి మినియాపోలిస్, సెయింట్ పాల్ చుట్టుపక్కల సుమారు 430 ర్యాంప్ లైట్లని కొన్ని వారాలు ఆపేయించింది. ఫ్రీవే మీద దాటే బండ్ల సంఖ్య 9 శాతం తగ్గింది, ప్రయాణ సమయం 22 శాతం పెరిగింది, ప్రమాదాలు 26 శాతం పెరిగాయి. మళ్లీ పెట్టారు, కాకపోతే ర్యాంప్ మీద మరీ ఎక్కువసేపు ఆపకుండా మార్చి పెట్టారు. కొండ ముందు అయితే ఆ లైటు విలువ ఇంకా ఎక్కువ, ఎందుకంటే 2,000 దాటకుండా ఆపగలిగితే ఆ 1,800కి పడిపోవడమే ఉండదు. ర్యాంప్ మీద మీరు నిలబడిన అర నిమిషం మెయిన్ రోడ్డు మీద మీకే తిరిగొస్తుంది.

శిరీష_శాన్‌రామోన్:

ఈవీ గురించి: అవును, ఎత్తు మీద కాలు పూర్తిగా తీసేస్తే రీజెన్ (మోటారే బండిని నెమ్మదింపజేసి ఆ శక్తిని బ్యాటరీకి పంపడం), కొండ రెండూ కలిసి లాగుతాయి, చాలా బండ్లలో వెనక బ్రేక్ లైటు కూడా వెలుగుతుంది. మీ బండిలో రీజెన్ తగ్గించే సెట్టింగ్ ఉంటే కొండకి ముందే తగ్గించుకోండి. లేకపోతే కాలు మొత్తం ఎత్తకుండా కొద్దిగా వెనక్కి తీసుకోవడం అలవాటు చేసుకోండి, రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది. దిగేటప్పుడు మాత్రం రీజెన్ పూర్తిగా పెట్టుకోండి. సునోల్ వైపు దిగుతుంటే బ్రేక్ పెడల్ ముట్టుకోకుండా ఒకే వేగంతో దిగొచ్చు, బ్యాటరీలోకి కూడా కొంత తిరిగొస్తుంది.